పూలజడ ఫోటోలో పిల్ల

మా ఇంట్లో ఫోటోల ఆల్బం ఎవరు తెరిచినా అమ్మ చేతిలో పని వదిలేసి వచ్చి పక్కన కూర్చునేది. ఫోటోలు చూడడానికి కాదు, చూసేవాళ్ళను చూడడానికి. చుట్టాలు పేజీలు తిప్పుతుంటే ఆమె కళ్ళు వాళ్ళ మొహాల మీదే ఉండేవి. ఒక పేజీ దగ్గరికి రాగానే ఏదో ఒక మాట అందుకునేది. కాఫీ కలపమంటారా అనో, మీ కోడలికి ఎన్నో నెల అనో. ఆ మాటల సందులో పేజీ తిరిగిపోయేది. ఆ పేజీలో ఉన్నది నా ఫోటో. నా పసితనం ఫోటో అని చెప్పుకోవడానికి మా ఇంట్లో ఉన్నది అదొక్కటే.

నాకు అనుమానం ఎక్కువని మావాళ్ళందరూ అంటారు. కాదనను. తిరుపతిలో ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో క్లెయిములు పరిశీలించే ఉద్యోగం నాది. కాలిపోయిన షాపుల ఫోటోలు, గుద్దుకున్న బండ్ల ఫోటోలు పొద్దస్తమానం నా ముందుకు వస్తుంటాయి. నీడ ఏ వైపు పడిందో చూస్తాను, గోడ మీద క్యాలెండర్లో నెల చూస్తాను. నమ్మకపోవడానికే నాకు జీతం ఇస్తారు. మా ఆయన అయితే, నువ్వు ప్రసాదం లడ్డు కూడా విరిచి లోపల చూసి తింటావు అంటాడు. కానీ ఈ బుద్ధి ఉద్యోగంతో వచ్చింది కాదు. మా నాయన ఆల్బంతో వచ్చింది.

మాది నగరి. నాయనవి మరమగ్గాలు. ఇంటి వెనక షెడ్డులో మగ్గాలు ఆడుతుంటే మేం మాట్లాడుకోవాలన్నా అరుచుకోవాల్సిందే. అంత చప్పుడులోనూ ఎక్కడో ఒక్క పోగు తెగితే నాయన చెవికి తెలిసిపోయేది. అలాంటి మనిషికి ఫోటోల పిచ్చి ఎలా పట్టుకుందో ఎవరికీ తెలియదు. పెళ్ళికి ముందు నూలు కోసం మద్రాసు పోయి, నూలుతో పాటు ఒక పాత కెమెరా కూడా పట్టుకొచ్చాడట. దానికి తోలు సంచి, ఆ సంచికి మళ్ళీ ఒక పాత పంచె చుట్టి, దేవుడి గూటి పక్కన పెట్టేవాడు. వీధిలో ఎవరికి చెవులు కుట్టినా, ఎవరింట్లో కొత్త సైకిలు దిగినా నాయనకు పిలుపు వచ్చేది. వీధంతా ఆయనను ఫోటోలాయన అనేవాళ్ళు.

రీలు అయిపోతే తిరుపతి పోయి కడిగించి, ప్రింట్లు వేయించుకుని వచ్చేవాడు. ఆ రోజు మా ఇంట్లో పండగే. అందరం చాప మీద గుండ్రంగా కూర్చునేవాళ్ళం. చేతులు కడుక్కుని తుడుచుకుంటే తప్ప ఫోటో ముట్టుకోనిచ్చేవాడు కాదు. అంచులు పట్టుకుని చూడాలి. వేలిముద్ర పడితే బొమ్మ చెడిపోతుందని ఆయన భయం. ఒక్కో ఫోటో చేతులు మారుతుంటే అవ్వ, అంటే మా నాయన వాళ్ళమ్మ, అందరికంటే ఎక్కువసేపు పెట్టుకుని కూర్చునేది. మా ఇంట్లో మాటల కంటే ఫోటోలే ఎక్కువ ప్రేమగా ఉండేవి. అందుకే నాకు అంత బాధ.

ఎందుకంటే ఆ ఆల్బం నిండా అన్న. బోర్లా పడిన అన్న, పాకుతున్న అన్న, ఇడ్లీ పిండి గిన్నెలో చెయ్యి పెట్టిన అన్న. నాకంటే మూడేళ్ళు పెద్ద. వాడి మీద నాకు కోపం లేదు, వాడేం చేస్తాడు పాపం. కానీ నా వంతుకు వచ్చేసరికి స్టూడియోలో తీసిన ఆ పూలజడ ఫోటో ఒక్కటే. పట్టు పావడా, నెత్తిన పాపిడిబిళ్ళ, వెనక నిలువుటద్దం, అందులో నడుం దాకా పూలజడ. తిరుమలలో పుట్టు వెంట్రుకలు ఇచ్చే ముందు పిల్లలకు ఇలా ఫోటో తీయించడం మా వైపు మామూలే. ఆ తర్వాత నాకు అయిదారేళ్ళు వచ్చినప్పటి నుంచి నేను కనిపిస్తాను, కానీ సగమే. ఏ ఫోటో చూసినా మధ్యలో అన్నో, అత్తవాళ్ళ పిల్లలో ఉంటారు. అంచున నా భుజం, నా రిబ్బను, నా సగం మొహం. ఆడపిల్లనని అనుకుందామంటే అదీ కాదు. వీధిలో ఆడపిల్లలందరినీ ఎదురుగా నిలబెట్టి తీశాడు. నా దగ్గరికి వచ్చేసరికే ఆయన కెమెరా పక్కకు జరిగేది. పదేళ్ళు వచ్చేసరికి నాకు రోషం వచ్చింది. ఆయన పంచె మూట విప్పుతున్నాడంటే నేను లేచి వెళ్ళిపోయేదాన్ని. ఎవరూ పిలిచేవాళ్ళు కాదు.

ఇంకొకటి కూడా ఉంది. అన్న పేజీలో ఒకచోట ఫోటో లేదు. నాలుగు మూలలకూ అతికించిన నల్ల కాగితం మూలలు మాత్రం ఉన్నాయి. ఇక్కడి ఫోటో ఏదమ్మా అంటే, జారిపోయిందిలే అనేది అమ్మ. మూలలు చెక్కుచెదరకుండా ఫోటో ఒక్కటే ఎలా జారిపోతుంది?

ఇన్నాళ్ళకు ఆ ముడి మా అమ్మాయి విప్పింది. బళ్ళో అమ్మల చిన్నప్పటి ఫోటోలు, పిల్లల ఫోటోలు పక్కపక్కన అతికించి పోలికలు పట్టమన్నారట. పెళ్ళయి వచ్చేటప్పుడు అడిగి తెచ్చుకున్న ఆ పూలజడ ఫోటో మా హాల్లో ఫ్రేములో ఉంది. దాన్ని ఫోన్లో తీసి, వేళ్ళతో పెద్దది చేసి చూస్తూ, "అమ్మా, ఇది నువ్వేనా? అచ్చం మామ మాదిరి ఉండాదే!" అంది.

ఫోన్ లాక్కున్నాను. ముఖం కాదు, అద్దం చూశాను. అది నా అలవాటు. పేపరు మీద అద్దంలోని పిల్ల వీపు గోరంత ఉంటుంది. ఫోన్లో అరచేయంత అయింది. పూలజడ మొదలయ్యే చోట, పావడా జాకెట్టుకు పైన, మెడ మీద చింతగింజంత నల్లటి మచ్చ. ప్రింటు మీద మరక అనుకుందామని ఫ్రేము విప్పి కిటికీ దగ్గర పెట్టి చూశాను. మరక కాదు. అలాంటి మచ్చ నాకు లేదు.

అన్న శ్రీ సిటీలో ఫ్యాక్టరీలో సూపర్వైజరు. భోజనం టైంలో వీడియో కాల్ చేశాను.

"ఏం మే, ఈ టైంలో?"

"నీ మెడ సూపించు."

"ఏందీ?"

"మెడ. ఎనక పక్క."

"నీకేమన్నా పిచ్చి పట్టిందా? ఈడ క్యాంటీన్లో అందురూ సూస్తా ఉండారు."

"సూడనీ. తిరుగు."

తిట్టుకుంటూనే తిరిగాడు. కాలరు కిందికి లాగాడు. చింతగింజ అక్కడే ఉంది, కొంచెం పెద్దదై.

"నీకు ఆడపిల్ల ఏసం ఏసి పూలజడ ఫోటో తీసినారా అన్నా?"

వాడు చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాడు. మగపిల్లలకు కూడా గుండుకు ముందు ఒక్కసారి పావడా కట్టి జడ వేసి ఫోటో తీయించే అలవాటు మా ఇళ్ళలో ఉంది. దాంట్లో దాచడానికి ఏమీ లేదు. కానీ వాడు నీళ్ళు నమిలాడు.

"నాకేం గుర్తుంటాది? అమ్మనడుగు. నాయన్ని మాత్రం అడగబాక."

"ఎందుకు?"

"అడగబాక అంటే అడగబాక, అంతే."

అంటే వీడికీ తెలుసు. అందరికీ తెలుసు. నాకొక్కదానికే తెలియదు. ఆ రాత్రంతా ఏవేవో అనుకున్నాను. నన్ను ఎక్కడి నుంచో తెచ్చి పెంచుకున్నారేమో అన్న మామూలు అనుమానం కూడా వచ్చింది గానీ, అది నిలబడదు. అవ్వ ముక్కు తెచ్చి నా మొహానికి పెట్టినట్టు ఉంటుంది, ఆ సాక్ష్యం చాలు. మిగిలింది ఒక్కటే. వీధి వీధంతా ఫోటోలు తీసిన మనిషికి నన్ను తీయాలనిపించలేదు. అది దాచడానికి అన్న ఫోటో పీకి నా పేజీలో పెట్టారు. నలభై ఏళ్ళు దాటిన మనిషిని, ఇద్దరు పిల్లల తల్లిని, నాయనకు నేనంటే ఇష్టం లేదా అని మంచం మీద కూర్చుని ఏడ్చాను.

ఆదివారం నగరి బస్సెక్కాను. అమ్మ వసారాలో చేటలో అనపకాయలు పోసుకుని ఒలుస్తోంది. నేను ఆల్బం తీసుకొచ్చి ఎదురుగా కూర్చున్నాను. అన్న పేజీ తెరిచి, నేను తెచ్చిన పూలజడ ఫోటోను ఆ ఖాళీ మూలల్లో దూర్చాను. గీత తప్పకుండా సరిపోయింది.

అమ్మ చెయ్యి చేటలోనే ఉండిపోయింది. "షెడ్డులో మీ నాయనుండాడు. మెల్లిగా మాట్లాడు."

"మగ్గాలు ఆడతా ఉండాయి. ఇనపడదులే. సెప్పు."

"ఏం సెప్పేది?"

"నా ఫోటో ఒక్కటి కూడా ఎందుకు లేదో సెప్పు. అబద్ధం సెప్తే నాకు తెలుస్తాది."

"నీకు తెలీనిది ఏముండాది లేమ్మా, పోలీసోళ్ళ కన్నా ఎక్కువ," అని రెండు కాయలు ఒలిచింది. తర్వాత చేట పక్కకు పెట్టి చెప్పింది.

అన్న పుట్టినప్పుడు నాయన ఆగలేక వారం వారం ఫోటోలు తీసి, కడిగించి, వీధంతా చూపించాడట. ఆ వెంటనే వాడికి జ్వరం పట్టుకుని, చావు తప్పి బయటపడ్డాడు. దిష్టి ఫోటోల నుంచే వచ్చిందని అవ్వ తేల్చేసింది. నేను పుట్టగానే, పుట్టు వెంట్రుకలు దేవుడికి ఇచ్చేదాకా ఈ బిడ్డ బొమ్మ ఎవరి కంటా పడకూడదని పట్టుబట్టింది. నాయన బేరమాడాడు. తీస్తాను, కడిగించను. రీలు కెమెరాలోనే చీకట్లో ఉంటుంది, చీకట్లో ఉన్నదానికి దిష్టి ఎలా తగులుతుంది అన్నాడు. అవ్వకు ఆ మాట నచ్చింది. నా కోసమని కొత్త రీలు ఎక్కించాడు. అందులో నేను లేకుండా ఒక్క ఫోటో కూడా తీయలేదు. వీధిలో పిలిస్తే, కెమెరా పని చేయడం లేదని అబద్ధం చెప్పాడట. నాకు పూలజడ వేసినప్పుడు కూడా స్టూడియోకు వద్దన్నాడు. బీరువా అద్దం ముందు నిలబెట్టి నేనే తీస్తానన్నాడు.

"తిరమలలో గుండు కొట్టించి దిగినాము," అంది అమ్మ. "దావలోనే తిరపతిలో రీలు కడగను ఇచ్చినాడు. మర్నాడు పోతే ఆ స్టూడియో ఆయన రీలు ఎత్తి ఎలుతురుకు పట్టి సూపించినాడు. ఒక్క బొమ్మ లేదు. గాజు మాదిరి తెల్లంగా ఉండాది."

"ఎట్ట?"

"లోపల రీలు పట్టుకోలేదంట. ఈయన తిప్పతా ఉండాడు, అది తిరగలేదు. నీ ఏడాదిన్నర అట్ట పోయింది."

అంతటితో పోలేదు. తెల్లటి రీలు చూసి అవ్వ గుండె బాదుకుంది. అన్ని సార్లు తీస్తే ఒక్కసారి కూడా బిడ్డ నీడ పడలేదంటే, ఈ బిడ్డ మనకు దక్కదని దేవుడు చెప్తున్నాడు అంది. నాయన చేత మగ్గం మీద చెయ్యి వేయించి ఒట్టు పెట్టించుకుంది. ఇక ఈ బిడ్డకు గురిపెట్టి కెమెరా ఎత్తకూడదు. రీలు మాట ఇంట్లో ఎవరూ ఎత్తకూడదు, బిడ్డ చెవిన అసలే పడకూడదు. ఆల్బంలో నా పేజీ ఖాళీగా ఉంటే ఎవరైనా అడుగుతారని అమ్మే అన్న ఫోటో తీసి పెట్టింది. అడిగినవాళ్ళ ముందు నోరు జారుతుందేమోనని ఇన్నేళ్ళూ కాపలా కాసింది.

వినడానికి అంతా బాగానే ఉంది. మరీ బాగుంది. నాకు అలాంటి కథలు రోజూ వస్తుంటాయి. ఖాళీ రీలు కంటే మంచి సాకు ఏముంటుంది? చూపించడానికి ఏమీ ఉండదు. ఒక్క పోగు తెగితే కనిపెట్టే మనిషి, ఏడాదిన్నర రీలు తిరగడం లేదని కనిపెట్టలేదా? అమ్మ తన మొగుణ్ణి వెనకేసుకొస్తోందేమో, ఉత్తి ఓదార్పేమో అనిపించింది. నేను లేచాను. "మే, పోవద్దుమే," అని అమ్మ కొంగు పట్టుకోబోయింది.

నేను షెడ్డు గుమ్మంలోకి వెళ్ళేసరికి కరెంటు పోయింది. మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగాయి. నాయన బనీను మీద దూది నూగుతో, దారం చుట్టిన కండె చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. నా చేతిలో ఆల్బం చూశాడు. మొహం మారింది.

"మీ అమ్మ సెప్పేసిందా?"

"రీలు తిరగలేదని నీకు తెలీలేదా నాయనా? నీకు?"

ఆయన బల్ల మీద కూర్చున్నాడు. కండెను చేతిలో దొర్లించాడు.

"తిప్పినప్పుడంతా పైన నంబరు మారతా ఉండాది పాపా. నంబరు మారతా ఉంటే లోపల కూడా పోతా ఉందనుకున్నా. మూత తీసి సూస్తామంటే ఎలుతురు తగిలి అన్నీ పోతాయని బయం. కొండ మీద నీకు గుండు అయినాక, రీలు ఎనక్కి సుట్టినా. సేతి ఏళ్ళకు బిగువు తగల్లేదు. దారం తెగిన కండె మాదిరి ఉత్తిగా తిరిగింది. అప్పుడే తెలిసిపోయినాది నాకు. మీ అమ్మకు సెప్పలేదు. కొండ దిగేదాకా, మళ్ళా మర్నాటిదాకా, ఒక్కటైనా పడుంటే సాలు స్వామీ అని మొక్కతానే ఉన్నా."

"పడలేదా?"

"అన్నీ పడినాయి. ఒకే కాడ పడినాయి. ఎక్కించేటప్పుడు బయట ఉంటాదే రీలు కొస, ముందే ఎండ తగిలి మాడిపోయిన ముక్క, దాని మీదే నువ్వంతా పడినావు."

"ఆ తర్వాత? నన్ను సగం సగం తీస్తివే, అది?"

ఆయన మొదటిసారి నా కళ్ళలోకి చూశాడు. "నీకు గురిపెట్టి తీయనని ఒట్టు. పక్కన నిలబెట్టుకుంటే ఒట్టు తప్పినట్టు కాదని నాకు నేనే సెప్పుకున్నా. అందురినీ నిలబెట్టి, నువ్వు యాడుండావో సూసి, అంచులో నువ్వు పడేమాదిరి జరుపుకొంటా ఉంటి. ఎక్కువ పడితే అవ్వ కనిపెడతాదని సగంతో ఆపుకొంటి."

నా చేతిలో ఆల్బం బరువెక్కింది. నేను అంచున ఉన్నానని ఏడ్చిన ఫోటోలన్నీ ఆయన నా కోసం దొంగతనంగా తీసినవి. అయినా నా నోరు ఊరుకోలేదు. "అవ్వ పోయినాక తీయొచ్చు కదా?"

"అప్పటికి నువ్వు నా ముందర నిలబడతా ఉంటివా? నేను కెమెరా ఎత్తితే నువ్వు లేసి పోతా ఉంటివి. ఏ మొహం పెట్టుకొని పిలిసేది?"

కానీ లోపల ఆ పాడు పురుగు ఇంకా తొలుస్తూనే ఉంది. "ఆ రీల్లో నన్ను ఏమేమి తీసినావో సెప్పు," అన్నాను. పరీక్ష పెడుతున్నానని ఆయనకు అర్థమయ్యే ఉంటుంది. కళ్ళు మూసుకుని కూడా వెతుక్కోలేదు. ఎదురుగా చాప మీద ప్రింట్లు పరిచి ఉన్నట్టే, ఒకదాని తర్వాత ఒకటి చెప్పుకుంటూ పోయాడు.

మొదటిది గుమ్మంలో పొద్దుటి ఎండలో. అమ్మ కాళ్ళు చాపి, కాళ్ళ మీద నన్ను పడుకోబెట్టుకుని ఆముదం రాస్తోంది. అమ్మ మొహం లేదు, చేతులు, నేను. ఇంకొకటి అన్న నన్ను ఎత్తుకోబోయి, ఇద్దరం కింద పడి, వాడే ఎక్కువ ఏడుస్తున్నది. ఇంకొకటి నేను మొదటిసారి లేచి నిలబడినది. ఇదే షెడ్డులో, మగ్గానికి ఎక్కించిన పడుగు దారాలు రెండు చేతులా గుంజి పట్టుకుని నిలబడ్డానట. "తిట్టాల్నా, ఫోటో తీయాల్నా అని ఒక నిమిషం తెలీలేదు పాపా. తీసినాకే తిట్టినా." బీరువా అద్దం ముందు పూలజడ. జడ బరువుకు నా తల వెనక్కి వాలిపోతుంటే అవ్వ అద్దం పక్కన దాక్కుని గడ్డం పట్టుకుందట. ఆమె వేళ్ళు ఫోటోలో పడుంటాయి, కత్తిరించుకోవచ్చులే అనుకున్నాడట.

"కడాగా కొండ మీద. గుండుకు గందం పూసి, మీ అమ్మ నిన్ను మెట్టు మీద కూర్చోబెట్టినాది. ఎండ బాగుండాది. గందం తడి మీద మెరస్తా ఉండాది." అక్కడ ఆగాడు. నొచ్చుకున్నట్టు తల అడ్డంగా ఊపాడు. "ఆ ఫోటో మాత్రం బాగా వచ్చుండదు. నువ్వు కదిలినావు."

ఓదార్చడానికి చెప్పేవాడు అన్నీ బాగా వచ్చాయనే చెబుతాడు. లేని ఫోటోకు ఇన్నేళ్ళ తర్వాత కూడా బాధపడుతున్నాడు ఈయన. నేను ఆయన పక్కన బల్ల మీద కూర్చుని, ఆ దూది నూగు బనీనుకు మొహం ఆనించి, చిన్నపిల్లలా ఏడ్చాను. ఆయన చెయ్యి నా తల మీదికి వచ్చింది.

"ఎందుకు కదిలినాను నాయనా?" అని అడిగాను.

"కెమెరా ఎనక నేనుండానని కనిపెట్టేసినావు. నా కాడికి రావాలని లేసినావు."